ముందు ట్రాక్టరు, పక్కన నిండు గీత: దాటాలా, ఆగాలా?

ప్రశ్న

సార్, నమస్కారం. నేను సూర్యాపేట జిల్లాలో ఒక ప్రభుత్వ బడిలో టీచర్‌ని. వయసు 43. కారు నేర్చుకుని ఆరు నెలలైంది. ఇంటి నుంచి బడికి 24 కిలోమీటర్లు. అటొక వరుస, ఇటొక వరుస ఉన్న రోడ్డు. నా టెన్షన్ అంతా రోడ్డు మీది గీతల దగ్గరే. ముందు ట్రాక్టరు మెల్లగా పోతుంటుంది, పక్కన నిండు గీత ఉంటుంది, వెనక బస్సు హారన్ కొడుతూనే ఉంటుంది. దాటాలో ఆగాలో తెలియదు. "గీతలు చూసుకుంటూ కూర్చుంటే బండి నడపలేవు, ఎదురుగా ఖాళీ ఉంటే వెళ్లిపో" అంటారు మావారు. డాలస్‌లో ఉన్న మా అబ్బాయి పసుపు గీత అంటే ఎదురు బండ్లకూ మనకూ మధ్య హద్దు అంటాడు. వాట్సాప్‌లో వచ్చిన బొమ్మలోనేమో పసుపు గీతకు తెలంగాణలో ఒక అర్థం, మిగతా రాష్ట్రాల్లో ఇంకో అర్థం అని ఉంది. పోయిన నెల హైదరాబాద్ వెళ్తే, రెడ్ సిగ్నల్‌కు ఆగినా స్టాప్ లైన్ దాటానని చలాన్ వచ్చింది. హైవే మీద లారీ కుడి ఇండికేటర్ వేస్తే రమ్మనా, వద్దనా? ఎవరి మాట వినాలి సార్?

సమాధానం

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చాలా ఏళ్లు కారు నేర్పినవాడిగా చెబుతున్నాను, ఇందులో మీ తప్పేమీ లేదు. మన దగ్గర కారు నేర్చుకోవడమంటే క్లచ్, గేరు, లైసెన్స్ పరీక్షకు ఎనిమిది అంకె తిప్పడం, రివర్స్ తీయడం. గీతల గురించి పది నిమిషాలు కూర్చోబెట్టి చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఇరవై ఏళ్లుగా బండి నడిపేవాళ్లకు కూడా వాటి అర్థం సరిగ్గా తెలియదు.

మీరు రోజూ ఎదుర్కొనేది ట్రాక్టరు సంగతి. ప్రాణానికి సంబంధించినదీ అదే. కాబట్టి అక్కడే మొదలుపెడతాను.

గీత రంగును కాసేపు పక్కన పెట్టండి. ముందు దాని ఆకారం చూడండి. మధ్యలో ముక్కలు ముక్కలుగా ఉంటే, ఎదురుగా బండి లేదని చూసుకుని, ఇండికేటర్ వేసి దాటవచ్చు. తెగకుండా నిండుగా ఉంటే ఓవర్‌టేక్ కోసం దాటకూడదు. రెండు నిండు గీతలు పక్కపక్కన ఉంటే రెండు వైపుల వాళ్లూ దాటకూడదు. ఒకటి నిండు, ఒకటి ముక్కలు ఉంటే మీ వైపు ఏది ఉందో అదే మీకు వర్తిస్తుంది. మీ వైపు ముక్కలుంటే మీరు దాటవచ్చు, అవతలివాళ్లు దాటకూడదు. ఇంకో గుర్తు కూడా ఉంది. ముక్కలు పొడుగై, మధ్య ఖాళీలు చిన్నవవుతున్నాయంటే ముందు నిండు గీత రాబోతోందని అర్థం. అక్కడ కొత్తగా ఓవర్‌టేక్ మొదలుపెట్టకండి.

ఈ గీతలు ఎవరో తోచినట్టు గీసినవి కావు. వీటికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే రోడ్డు ఇంజనీర్ల సంస్థ ప్రమాణాలు ఉన్నాయి. కారులో కూర్చున్న మనిషి కన్ను నేల నుంచి 1.2 మీటర్ల ఎత్తులో ఉంటుందన్న లెక్కతో, అక్కడి నుంచి ముందు ఎంత దూరం కనిపిస్తుందో చూస్తారు. ఆ దూరం చాలని చోట నిండు గీత వేస్తారు. మలుపు, మెట్ట, కల్వర్టు దగ్గర ఎత్తు, ఇలాంటి చోట్ల.

ఎంత దూరం కనిపించాలంటారా? 80 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి ఆగడానికి 120 మీటర్లు కనిపిస్తే చాలని వాళ్ల లెక్క. అదే వేగంలో ఓవర్‌టేక్ చేయాలంటే 470 మీటర్లు కనిపించాలి. దాదాపు నాలుగు రెట్లు! మనమే వేసి చూద్దాం. మీరు 80లో వెళ్తున్నారు, ఎదుటి బండీ 80లో వస్తోంది. ఇద్దరి మధ్య దూరం సెకనుకు 44 మీటర్ల చొప్పున కరిగిపోతుంది. ముందున్న లారీని దాటి మళ్లీ మీ వరుసలోకి రావడానికి పది సెకన్లు పట్టిందనుకోండి, 440 మీటర్లు అయిపోయినట్టే. పిల్లలకు లెక్కలు చెప్పే మీకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

470 మీటర్లంటే ఎంతో కంటికి అలవాటు కావడానికి ఒక మార్గం చెబుతాను. చాలా రోడ్ల పక్కన రెండు కిలోమీటరు రాళ్ల మధ్య 2, 4, 6, 8 అని రాసిన చిన్న రాళ్లు ఉంటాయి. అవి 200 మీటర్లకొకటి. అలాంటి రెండు దూరాలు, ఆపైన ఇంకొంచెం. మీ రోడ్డు మీద ఆ రాళ్లు ఉంటే ఒక వారం రోజులు వాటిని గమనిస్తూ వెళ్లండి. 'చాలా దూరం కనిపిస్తోంది' అని మనకు అనిపించేది చాలాసార్లు 200 మీటర్లే ఉంటుంది.

ఇందులోనే ఇంకో విషయం ఉంది. ముక్కల గీత ఉన్నంత మాత్రాన ఎదుట ఖాళీ అని హామీ ఏమీ లేదు. అనుమతి ఉంది, అంతే. ఎదురుగా ఎవరూ రావడం లేదని చూసుకోవాల్సింది మీరే. నిండు గీత దగ్గర మాత్రం ఆ చూసుకోవడం కూడా పనికిరాదు. చూడాల్సినంత దూరం అక్కడి నుంచి కనిపించదు కాబట్టే దాన్ని గీశారు.

మీవారు "ఎదురుగా ఖాళీ ఉంటే వెళ్లిపో" అన్నారు కదా. ఆయనకు ఇది చదివి వినిపించండి. నాకు ఇరవై ఆరేళ్లప్పుడు, స్కూటర్ మీద నా భార్యను ఎక్కించుకుని వస్తున్నాను. ముందు గడ్డి ట్రాక్టరు. ఒక కల్వర్టు దగ్గర రోడ్డు కొంచెం ఎత్తెక్కి అవతల దిగుతుంది. నిండు గీత ఉంది. ఎదురుగా ఏ బండీ కనిపించలేదు. దాటాను. కల్వర్టు అవతల దిగుడులో ఒక జీపు ఉంది. అది ఎత్తెక్కి పైకి వచ్చేదాకా నా కళ్లకు ఆనలేదు. ఆ జీపు డ్రైవరు బండిని మట్టిలోకి దించేశాడు కాబట్టి మేమిద్దరం బతికాం. ఆయన ఎవరో ఇప్పటికీ తెలియదు. ఆ రోజు నాకు ఎదురుగా ఖాళీయే కనిపించింది, కానీ ఖాళీ లేదు.

ఇప్పుడు ట్రాక్టరు. దాని వెనక గంటసేపు పోవాల్సి వస్తుందేమో అనిపిస్తుంది. నిజంగా ఎంతసేపో చూడండి. మలుపు దగ్గర నిండు గీత 400 మీటర్లు ఉందనుకుందాం. ట్రాక్టరు 15 కిలోమీటర్ల వేగంలో పోతే ఆ 400 మీటర్లకు 96 సెకన్లు. ఖాళీ రోడ్డు మీద 50లో మీరు వెళ్తే 29 సెకన్లు. ఆలస్యమయ్యేది నిమిషానికి కాస్త పైన. అలాంటి మలుపులు దారిలో నాలుగున్నా, నాలుగింటి దగ్గరా ట్రాక్టరే తగిలినా, ఐదు నిమిషాలు ముందు బయల్దేరితే సరిపోతుంది. కాబట్టి ఆగండి. ట్రాక్టరుకు మరీ దగ్గరగా జరగకండి. కాస్త వెనక ఉంటేనే ట్రాలీ పక్క నుంచి ముందు రోడ్డు కనిపిస్తుంది. ముక్కల గీత రాగానే, చూసుకుని వెళ్లండి.

వెనక బస్సు హారన్ కొడుతుందన్నారు. కొట్టనివ్వండి. ఎదురుగా ఏం వస్తే తగిలేది మీ కారుకు గానీ, ఆ బస్సుకు కాదు. అద్దంలో ఒకసారి చూసి, మీ వేగం మీరు ఉంచండి. మరీ తరుముతున్నట్టు ఉంటే, వెడల్పుగా గట్టి అంచు ఉన్న చోట ఎడమ ఇండికేటర్ వేసి, పక్కకు తీసి, పోనివ్వండి. మిమ్మల్ని ఎవరైనా ఓవర్‌టేక్ చేస్తుంటే మాత్రం వేగం పెంచకండి. అలా పెంచకూడదని నిబంధనల్లోనే ఉంది.

మన ఊళ్లలో ఇంకో చిక్కు ఉంది. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెడతారు. అక్కడ నిండు గీత ఉంటే ఏం చేయాలి? ఆ కుప్ప మీ వరుసను మూసేసింది, వేరే దారి లేదు. ఇది ఓవర్‌టేక్ కాదు, అడ్డు తప్పుకుని వెళ్లడం. బండి దాదాపు ఆపేయండి. ఎదుటి వాళ్లదే ఆ వరుస, కాబట్టి వాళ్లను ముందు పోనివ్వండి. తర్వాత మనిషి నడిచే వేగంతో దాటి మళ్లీ మీ వైపు రండి. మలుపు దగ్గరైతే పక్కనున్న వాళ్లను ఎవరినైనా దిగి చూడమనండి. రాత్రి పూట ఆ కుప్పల మీద కప్పిన నల్ల టార్పాలిన్ లైటు వెలుతురులో కూడా చివరిదాకా కనిపించదు. కోతలు నడుస్తున్నన్నాళ్లు చీకటి పడ్డాక ఆ రోడ్డు మీద 40 దాటకండి. రైతు కష్టం నాకు తెలుసు, కల్లం లేక రోడ్డెక్కుతాడు. కానీ ఆ రాళ్లకు గుద్దుకుని పడేది కూడా ఎక్కువగా ఆ ఊరి కుర్రాళ్లే. మీరు టీచర్ కాబట్టి మీ మాట వింటారు. కనీసం చీకటి పడేలోగా రాళ్లు తీసేయమని చెప్పండి.

ఇక రంగు. మీ అబ్బాయి చెప్పింది అమెరికాకు అక్షరాలా నిజం. అక్కడ పసుపు గీత ఎదురెదురు బండ్లను విడదీస్తుంది, తెలుపు ఒకే దిక్కుకు పోయే వరుసలను విడదీస్తుంది. బ్రిటన్‌లోనేమో రోడ్డు మధ్య గీతలు తెల్లవే, పసుపు గీతలు అంచున పార్కింగ్ కోసం. మన దగ్గర మధ్య గీత కొన్ని రోడ్ల మీద తెల్లగా, కొన్నింటి మీద పసుపుగా ఉంటుంది. రోడ్డును రెండుగా చీల్చే పసుపు గీతను ఓవర్‌టేక్ కోసం దాటకూడదని 1989 నాటి నిబంధనల్లోనే చెప్పారు. అంటే మీ రోడ్డు మీద మధ్యలో నిండు పసుపు గీత కనిపిస్తే, మీ అబ్బాయి మాట పాటించినా మీకు నష్టం లేదు.

వాట్సాప్ బొమ్మను మాత్రం తీసేయండి. డ్రైవింగ్ నిబంధనలు చేసే అధికారాన్ని మోటారు వాహనాల చట్టంలోని 118వ సెక్షన్ కేంద్రానికి ఇచ్చింది. 1989లో చేసినవాటి స్థానంలో 2017లో కొత్తవి వచ్చాయి. అవి దేశమంతటికీ ఒకటే. కోదాడ దాటి జగ్గయ్యపేట వైపు వెళ్లినంత మాత్రాన గీత అర్థం మారదు. పోలీసులు వేసే జరిమానా మొత్తం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, అంతే. ఇంకోటి, 2019లో చట్టం సవరించినప్పుడు, ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందికి వచ్చేవాటిలో చట్టవిరుద్ధమైన ఓవర్‌టేకింగ్‌నూ, రెడ్ సిగ్నల్ దాటడాన్నీ, ఎదురు దిశలో నడపడాన్నీ పేరు పెట్టి చేర్చారు. దానికి 1,000 నుంచి 5,000 రూపాయల వరకు జరిమానా గానీ, ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. గీత దాటడం చిన్న విషయం అనుకునేవాళ్లకు ఈ మాట చెప్పండి.

మీరు హైదరాబాద్ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద డివైడర్ ఉంది, కాబట్టి ఎదురు బండి బెంగ లేదు. అక్కడ డివైడర్ పక్కన, అంటే మీ కుడి చేతి వైపు, పసుపు గీత ఉంటుంది. ఎడమ అంచున తెలుపు. రాత్రి మెరిసే రిఫ్లెక్టర్లు కూడా అంతే: ఎడమ అంచున ఎరుపు, డివైడర్ వైపు పసుపు, వరుసల మధ్య తెలుపు. వానలో గీతలు కనిపించనప్పుడు నాకైతే ఇవే దారి చూపించాయి. కుడి వరుస ఓవర్‌టేక్ చేయడానికే. పని అయ్యాక ఎడమకు వచ్చేయండి.

చలాన్ సంగతి. మీరు ఆగారు, నిజమే. ఎక్కడ ఆగారన్నదే ప్రశ్న. ఆగమని సిగ్నల్ ఉన్నప్పుడు బండిలో ఏ భాగమూ స్టాప్ లైన్ దాటి ముందుకు ఉండకూడదని నియమం. చక్రం వెనకే ఉన్నా బంపర్ దాటితే దాటినట్టే. చలాన్‌తో పాటు ఫొటో ఉంటుంది, తెరిచి చూడండి. బంపర్ గీత మీదుంటే కట్టేయండి. వెనకే ఉంటే ఆ ఫొటోతోనే ఫిర్యాదు చేయవచ్చు.

కొత్తవాళ్లకు ఇక్కడే ఇబ్బంది. కారులో కూర్చుంటే బానెట్ ముందు కొన్ని మీటర్ల నేల అసలు కనిపించదు. గీత కనుమరుగయ్యాక కూడా ఇంకా దూరం ఉందనుకుంటాం. ఒక ఆదివారం ఖాళీ స్థలంలో సుద్దతో గీత గీసి, మీవారిని బయట నిలబెట్టి, బంపర్ సరిగ్గా గీతకు అడుగు వెనక ఆగినప్పుడు మీ సీట్లోంచి చూడండి. పక్క అద్దంలోంచి గీత చివర ఎక్కడ కనిపిస్తోందో గుర్తు పెట్టుకోండి. ఐదారుసార్లు చేస్తే కాలికి దానంతట అదే వచ్చేస్తుంది. స్టాప్ లైన్ తర్వాత ఉండేది జీబ్రా లైన్లు. మనం అడుగు ముందుకు జరిగితే చంకలో పిల్లతో రోడ్డు దాటే తల్లి మన బండిని తప్పుకుని నడి రోడ్డులోకి వెళ్లాలి. నాకు చలాన్ కంటే అదే పెద్ద విషయం.

ఎడమకు తిరగడం గురించి మీరు అడగలేదు గానీ, చెప్పాలి. 'ఫ్రీ లెఫ్ట్' బోర్డు గానీ, ఎడమ బాణం పచ్చ లైటు గానీ ఉంటేనే రెడ్‌లో ఎడమకు వెళ్లాలి. అప్పుడు కూడా నడిచేవాళ్లను పోనిచ్చాకే. మీరు నేరుగా వెళ్లాల్సి ఉంటే ఫ్రీ లెఫ్ట్ వరుసలో నిలబడకండి. కూడలి మధ్య పసుపు గీతలతో అల్లిన పెట్టె ఉంటే, అవతల మీ బండికి చోటు ఉన్నప్పుడే అందులోకి వెళ్లండి. ఆరెంజ్ లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే నెమ్మదిగా చూసుకుని వెళ్లాలి, ఎరుపు అలా ఉంటే ఆగి, చూసి వెళ్లాలి. సిగ్నల్ లేని కూడలిలో పెద్ద రోడ్డు మీద వచ్చేవాళ్లకు దారివ్వాలి. రెండూ ఒకటే స్థాయి రోడ్లయితే మీ కుడి నుంచి వచ్చేవాళ్లకు.

లారీ ఇండికేటర్ గురించి మీరు అడిగింది మంచి ప్రశ్న. నిబంధన ప్రకారం కుడి ఇండికేటర్ అంటే ఆ బండి కుడికి జరుగుతోంది లేదా తిరుగుతోంది. కానీ హైవే మీద డ్రైవర్లు దాన్ని ఇంకో భాషగా వాడుతున్నారు. కొందరు 'ఎదురుగా బండి ఉంది, రాకు' అని కుడివైపు వేస్తారు. కొందరు 'రా, వెళ్లు' అని వేస్తారు. ఇంకొందరు నిజంగానే కుడికి తిరుగుతారు. మూడింటికీ వెలిగేది అదే లైటు. ఏది అనుకోవాలో వెనకున్న మనకు ఎలా తెలుస్తుంది? అందుకని నేను నేర్పిన ప్రతి ఒక్కరికీ ఒకటే చెప్పాను: కుడి ఇండికేటర్ వెలుగుతున్నంతసేపు ఆ లారీకి కుడివైపు వెళ్లొద్దు. ఎడమ వేసినా, క్లీనర్ చేయి ఊపినా, మీ కళ్లతో మీరు రోడ్డు చూశాకే కదలండి. ఎదుటి బండి డిప్పర్ కొడితే, అంటే హెడ్‌లైటు టక్కున వెలిగించి ఆర్పితే, మన దగ్గర చాలా వరకు 'నేను వస్తున్నాను, నువ్వు ఆగు' అని. సెలవులకు వచ్చి బండి నడిపితే మీ అబ్బాయికి కూడా ఇది చెప్పండి. 'నువ్వు వెళ్లు' అనే అర్థంలో లైటు కొట్టే దేశాలున్నాయి, అక్కడ అలవాటైనవాళ్లు ఇక్కడ పొరపడతారు. కూడలిలో నేరుగా వెళ్లడానికి నాలుగు ఇండికేటర్లూ వేసే అలవాటు మీకు ఎవరైనా నేర్పి ఉంటే మానేయండి. పక్క నుంచి చూసేవాడికి ఒక్క వైపే కనిపిస్తుంది, మీరు తిరుగుతున్నారనుకుంటాడు.

చివరగా, మీ రోడ్డు మీద గీతలు చెరిగిపోయిన చోట్లు కూడా ఉండే ఉంటాయి. గీత లేకపోతే ఏమైనా చేయవచ్చని కాదు. మలుపులో, మెట్ట మీద, ముందు రోడ్డు స్పష్టంగా కనిపించని ఏ చోటైనా ఓవర్‌టేక్ చేయకూడదన్న నియమం గీత ఉన్నా లేకున్నా ఉంది. అలాంటి చోట నిండు గీత ఉన్నట్టే అనుకుని నడపండి. మళ్లీ గీతలు వేయించడానికి అర్జీ కూడా పెట్టండి. దగ్గర్లోని కిలోమీటరు రాయి తల ఏ రంగులో ఉందో చూడండి. పసుపైతే జాతీయ రహదారి, 1033కు ఫోన్ చేయవచ్చు. ఆకుపచ్చైతే రాష్ట్ర రహదారి, మీ రోడ్లు, భవనాల శాఖ కార్యాలయానికి రాయండి. ఏ మలుపు, రాయి మీద ఏ అంకె ఉంది, ఎటు వైపు గీత పోయింది, ఈ మూడూ అర్జీలో ఉండాలి. మలుపు ఫొటో ఒకటి జత చేయండి. ఫొటో తీయడానికి బండి రోడ్డు మీద ఆపకండి, మీవారిని తోడు తీసుకెళ్లండి.